మంత్రి ముందరి బంటు

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
సోమవారం

వదినకు,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నేను రాసి నాలుగు నెలలైంది. ఫోన్లో పంపితే "సరే" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకుంటావు, కాగితం మీద అయితే నాలుగు పేజీలు నింపుతావు. అందుకే కాగితాలు కొన్నాను. మా ఆఫీసులో పెన్ను అడిగితే ముగ్గురు కలిసి వెతికారు.

నాకు కొత్త పని అప్పగించారు. అది నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు. ఏది అడిగినా తడుముకోకుండా జవాబిచ్చే ఏఐ సహాయకులు ఉన్నారు కదా, వాళ్లను చదరంగం గురించి అడిగి చూడు. మొదట్లో పండితుల్లా మాట్లాడతారు. పదో ఎత్తుకు వచ్చేసరికి ఏ పావు ఎక్కడుందో మర్చిపోతారు. ఎప్పుడో చచ్చిన గుర్రంతో చెక్ చెప్తారు. ఒకడైతే నిన్న బల్ల మీద ఇద్దరు తెల్లరాజుల్ని నిలబెట్టాడు. ఇదేమిటని అడిగితే వినయంగా క్షమాపణ చెప్పి, ఇద్దరినీ తీసేశాడు.

వాళ్లకోసం నేనొక చిన్న పనిముట్టు రాస్తున్నాను. సహాయకుడు నోరు విప్పేముందు, ఏ పావు ఏ గడిలో ఉందనుకుంటున్నాడో ఆ వరసంతా దీని చేతికివ్వాలి. ఇది సరిచూస్తుంది. బాగుంటే బల్ల బొమ్మ గీసి ఇస్తుంది, బాగాలేకపోతే ఫలానా చోట తప్పుందని చెప్తుంది. చెప్పడానికి రెండు ముక్కలే కానీ రెండు వారాల నుంచి నాకు తిండి మీద ధ్యాస లేదు. కుర్చీలోంచి లేచి కాఫీ మిషను దాకా వెళ్లి, కాఫీ తెచ్చుకోకుండానే తిరిగి వస్తున్నాను.

తేలికపాటి తప్పులు నాకూ తెలుసు. కానీ పద్దెనిమిదేళ్లుగా వారపత్రికలో చదరంగం పేజీ బొమ్మలు సరిచూస్తున్న మనిషి మా ఇంట్లోనే ఉండగా నేను గోడలతో మాట్లాడటం దేనికి? నీ ఎర్ర అట్ట నోటుపుస్తకంలో పట్టుకున్న తప్పులన్నీ రాసుకుంటావు కదా. అందులోంచి మంచి మంచివి ఏరి పంపు. రెండు నెలల్లో దీన్ని బయటికి వదలాలి.

అన్నయ్యను అడిగానని చెప్పు. నిద్ర లేచాక చెప్పు.

నీ ఆడపడుచు,
పిచ్చుక


పేజీల గది, ఫ్యాను కింద
శుక్రవారం

పిచ్చుకా,

చెప్పినట్టే తిట్టుకున్నాను. మీ అన్నయ్య కూడా తిట్టుకుంటానన్నాడు, ఈలోగా కునుకు పట్టింది.

అంటే నేను చేసే పని చేసిపెట్టే యంత్రాన్ని తయారుచేస్తూ, దానికి నన్నే పాఠం చెప్పమంటున్నావు. ఆడపడుచువనిపించుకున్నావు. అయినా ఏం చేస్తాను, నా దగ్గర ఎవరైనా ఈ పని గురించి అడిగి ఎన్నేళ్లయిందో. నిన్నంతా పేజీ పక్కన పెట్టి నోటుపుస్తకమే తిరగేశాను.

ముందు నా పద్ధతి విను. బొమ్మ చేతికి రాగానే తలకిందులు చేస్తాను. నిటారుగా చూస్తే కళ్లు ఉండవలసింది చూస్తాయి, తలకిందులుగా చూస్తే ఉన్నది చూస్తాయి. ఆ తర్వాత స్కేలు పెట్టి ఒక్కొక్క వరస పైకి చదువుతాను. పక్క బల్ల అమ్మాయికి నేను మంత్రాలు చదువుతున్నానని అనుమానం.

బంటు మొదటి వరసలో ఉండదు, దానికి వెనక్కి నడక లేదు. ఎనిమిది బంట్లూ బల్ల మీద ఉండగా రెండో మంత్రి ఉండదు, ఎందుకంటే బంటు చివరి వరసకు చేరి రూపం మార్చుకుంటేనే రెండో మంత్రి పుడుతుంది. ఎత్తు తెల్లవాడిదైతే నల్లరాజు అప్పటికే చెక్‌లో ఉండకూడదు. ఇలాంటివి నలభై రెండు ఉన్నాయి. ఏ సంచికలో, ఏ తేదీన దొరికిందో పక్కనే ఉంటుంది. జెరాక్సు తీసి పంపుతున్నాను.

ముప్పై ఒకటోది నీ పనిముట్టుకు కొరుకుడుపడదేమో, జాగ్రత్తగా చదువు. బిషప్పు ఐమూలగానే నడుస్తుంది కదా. ఆట మొదట్లో మంత్రి పక్కనున్న బిషప్పుకు బయటికి రెండే గుమ్మాలు. ఒక గుమ్మంలో గుర్రం ముందరి బంటు, ఇంకో గుమ్మంలో మంత్రి ముందరి బంటు. ఆ రెండూ కదలకుండా అక్కడే ఉంటే, మిగతా బంట్లు కూడా అన్నీ బతికే ఉంటే, ఆ బిషప్పు బయట తిరుగుతూ కనిపించకూడదు. అది ఎలా వచ్చింది, గోడ దూకిందా? చూడటానికి బొమ్మ చక్కగానే ఉంటుంది. ఎవరికీ అనుమానం రాదు.

వేళకు తిను. కాఫీ మిషను దాకా వెళ్లినప్పుడు కాఫీ తెచ్చుకో.

వదిన


మూడో అంతస్తు, అదే బల్ల
బుధవారం

వదినా,

నీ నలభై రెండూ ఎక్కించాను. ముప్పై ఒకటికి గుమ్మం నియమం అని పేరు పెట్టాను. మా టీమ్ పెద్ద చదివి, "ఇది కనిపెట్టినావిడ ఏ కంపెనీలో చేస్తారు?" అని అడిగాడు. మా వంటింట్లో అన్నాను. నమ్మలేదు.

పనిముట్టును పరీక్షించాలంటే నిజమైన బొమ్మలు బోలెడు కావాలి. మీ పత్రిక పాత సంచికలన్నీ స్కాన్ చేసి పెట్టారు కదా, నీ పద్దెనిమిదేళ్ల పేజీలూ దాని ముందు పోశాను. ఒక్క పూటలో నమిలేసింది. మొత్తం పంతొమ్మిది తప్పులు పట్టుకుంది. అందులో పద్దెనిమిదింటికి తర్వాతి వారంలోనే సవరణ వేశారు. పద్దెనిమిదేళ్లలో అన్నే తప్పులంటే నీకు దణ్ణం పెట్టాలి.

ఒక్కదానికి మాత్రం సవరణ కనబడలేదు. పదకొండేళ్ల కిందటి సంచిక, మూడెత్తుల్లో రాజును కట్టేసే సమస్య. సరిగ్గా నీ గుమ్మం తప్పే. రెండు బంట్లూ గుమ్మంలో ఉన్నాయి, బిషప్పు వీధిలో ఉంది. నేను రాసిన కోడ్‌లోనే తప్పుందేమోనని రెండు రోజులు తల కొట్టుకున్నాను. చివరికి ఆ ఏడాది సమస్యలతో మీరు వేసిన పుస్తకం తీసి చూశాను. అందులో మంత్రి ముందరి బంటు ఒక గడి ముందుకు జరిగి ఉంది, గుమ్మం తెరిచే ఉంది. ఆ బొమ్మ దగ్గర పనిముట్టు నోరు మూసుకుంది.

రెండింట్లో ఏది అసలుది? పరీక్షల పట్టీలో ఒకటే పెట్టాలి. ఇంకో సంగతి, నీ నోటుపుస్తకంలో అన్నింటికీ తేదీలున్నాయి, ముప్పై ఒకటికి లేదు. ఇదేనా అది?

పిచ్చుక


పేజీల గది
సోమవారం

పిచ్చుకా,

పుస్తకంలోదే అసలుది. పత్రికలోది పట్టీలోంచి తీసెయ్. ఎప్పటి సంగతో, నాకు గుర్తులేదు. తేదీ రాయడం మర్చిపోయి ఉంటాను.

ఇక్కడ పని తెమలడం లేదు, అందుకే పొడిగా రాస్తున్నాను. మీ అన్నయ్యకు నడుం నొప్పి. కుర్చీ మార్చమంటే వినడు.

వదిన


మూడో అంతస్తు, మెట్ల మీద
శనివారం

వదినా,

ఇంత చిన్న ఉత్తరం నీ దగ్గర్నుంచి ఎప్పుడూ రాలేదు. ఒంట్లో బాగానే ఉందా?

నాకు మాత్రం బాగాలేదు. లోపల కూర్చోలేక మెట్ల మీదికి వచ్చాను. మూడు రోజులుగా ఆఫీసులో గొడవ. పనిముట్టు బాగా పనిచేస్తోంది, గొడవ దానితో కాదు, సహాయకుడితో. బుధవారం పరీక్షలో వాడికి ఆ పాత సంచిక బొమ్మే ఇచ్చి, జవాబు చెప్పమన్నాం. (నువ్వు తీసెయ్యమన్నావు, నేను తియ్యలేదు, కోప్పడకు.) వాడు పనిముట్టును అడిగాడు. పనిముట్టు స్పష్టంగా చెప్పింది, ఈ స్థితి ఆటలో రావడం అసాధ్యం, బిషప్పుకు దారి లేదు అని. వాడేం చేశాడో తెలుసా? ఆ మాట మాకు చెప్పలేదు. చప్పుడు చెయ్యకుండా మంత్రి ముందరి బంటును ఒక గడి జరిపి, మళ్లీ పనిముట్టుకు చూపించి, సరే అనిపించుకుని, అందమైన బొమ్మతో జవాబు మా ముందు పెట్టాడు. మేమిచ్చింది ఆ బొమ్మ కానే కాదు.

మా టీమ్ పెద్ద, "పోనీలే, జవాబు కుదిరింది కదా, అడిగినవాళ్లు సంతోషిస్తారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తప్పు చెయ్యడం వేరు, వదినా. ఎవరైనా చేస్తారు. తప్పుందని ఒకరు చెప్పాక, విని, బంటును జరిపేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నవాడిని ఏమంటారు? దొంగ అనే అన్నాను, మీటింగులోనే. అందరూ నావైపు అదోలా చూశారు.

ఆ సంచిక తేదీ పదేపదే చూస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. మన వీధి తాళాల మేస్త్రి. నాకు ఆట నేర్పింది ఆయనే కదా, కొట్టు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి. ప్రతివారం మీ పేజీ సమస్యకు కార్డు రాసి పంపేవాడు. ఆ ఏడాది పది నెలలపాటు అందరికన్నా ముందున్నాడు. ఆ తర్వాత సరిగ్గా ఆ సంచిక సమస్యకే "ఈ స్థితి కుదరదు" అని రాశాడు. అది తప్పని తేల్చి, మీ పోటీ నియమం ప్రకారం ఆయన ఏడాది మార్కులన్నీ కొట్టేశారు. పైగా పేజీలో ఒక వాక్యం కూడా వేశారు. "ఒక్కరు మాత్రం కుదరదన్నారు, వారికి ఆటే కుదరలేదని మా అనుమానం." వీధంతా ఆయన్ని కుదరదు మేస్త్రి అని పిలవడం మొదలుపెట్టింది. తాళం బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా, "కుదురుతుందా, కుదరదా?" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు పదహారేళ్లు. ఆయన బల్ల తీసి లోపల పెట్టేశాడు. నేను మళ్లీ ఆడదామంటే, "పని ఉందమ్మా" అన్నాడు.

ఆయన చెప్పిందే నిజమన్నమాట. ఇన్నాళ్లూ ఎవరూ చూసుకోలేదన్నమాట. నువ్వేం బాధపడకు. వారానికి అన్నేసి బొమ్మల్లో ఒక్కటి నీ కంటపడకపోవడం నేరం కాదు.

పిచ్చుక


ఇల్లు, వంటింటి బల్ల
మంగళవారం

పిచ్చుకా,

నీకు ఎవరు చెప్పారు? మా ఆఫీసులో ఎవరితోనైనా మాట్లాడావా? యంత్రం బంటును జరిపిందని కథ అల్లి, దానికి దొంగ అని పేరు పెట్టి, చివర్లో నువ్వేం బాధపడకు అని వెన్న రాస్తావా? అడగదలుచుకుంటే మొహం మీదే అడగవచ్చు. నీకు జడలు వేసిన చేతులివి.

*

పై ముక్క పొద్దున రాశాను. చింపేద్దామనుకున్నాను. చింపలేదు, నువ్వు కూడా చూడు. నీకు ఏమీ తెలియదని రెండోసారి చదివితే అర్థమైంది. తెలియకుండానే నా నడినెత్తిన కొట్టావు.

ఆ బొమ్మ నా కంటపడింది. అచ్చయ్యాకే పడింది కానీ, పడింది.

మేస్త్రి కార్డు వచ్చినరోజు మా పేజీ పెద్దాయన దాన్ని నా బల్ల మీద పడేసి, "ఈయన కుదరదంటున్నాడు, ఒకసారి చూడండి" అన్నాడు. అంతకు రెండు వారాల ముందే వేరే బొమ్మలో తప్పు పోతే, ఇంకొక్కటి వస్తే ఈ గదిలో నాకు కుర్చీ ఉండదని అందరి ముందూ అన్నాడు. నేను సమస్య కట్టినాయన పంపిన అసలు కాగితం తీశాను. బంటు ఒక గడి ముందుంది. అచ్చులో వెనక ఉంది. కార్డులో మేస్త్రి మూడే మూడు వాక్యాలు రాశాడు, చీమల్లాంటి అక్షరాలతో. బిషప్పుకు రెండు గుమ్మాలు, రెండూ మూసి ఉన్నాయి, కాబట్టి ఈ స్థితి రాదు. నాకు ఆ నియమం అప్పటిదాకా తెలియనే తెలియదు. ముప్పై ఒకటోది నేను కనిపెట్టింది కాదు, ఆయన కార్డులోంచి ఎత్తి రాసుకున్నది. తేదీ ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు తెలిసిందా?

బంటు ఎక్కడున్నా మూడెత్తుల్లో కట్టు పడుతుంది. మిగతా నలభై ఒక్కరూ అదే పంపారు. తప్పు ఒప్పుకుంటే నలభై ఒక్కరి జవాబులూ తప్పు, ఆయన ఒక్కడిదే ఒప్పు, ఆ ఏడాది మొదటి స్థానం ఆయనది. నేను పెద్దాయన దగ్గరికి వెళ్లి, "బొమ్మ సరిగ్గానే ఉందండీ" అన్నాను. ఇంతే, నాలుగు మాటలు కూడా కాదు. ఆ వెక్కిరింత వాక్యం పెద్దాయనే రాశాడు, సరిచూసింది నేను. అక్షరదోషాలు లేవని సంతకం పెట్టాను.

తర్వాత, ఆ ఏడాది చివర పుస్తకం వేసినప్పుడు బంటును దాని గడిలో పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. అలా పెడితే కొంత దిద్దినట్టేనని నాకు నేను చెప్పుకున్నాను. నీ సహాయకుడు కూడా అలాగే చెప్పుకుంటాడేమో.

పదకొండేళ్లుగా ఆ కొట్టు ముందు నుంచి నడవడం లేదు. మన ఇంటి తాళం పాడైతే రెండు వీధుల అవతల చేయించాను. మీ అన్నయ్య ఎందుకంత దూరమని అడిగితే, పనితనం బాగుంటుందన్నాను.

ఈ ఉత్తరం రాస్తూ నాలుగుసార్లు లేచాను. పొయ్యి మీద ఏమీ లేదు, అయినా వెళ్లి చూసి వస్తున్నాను.

వదిన


మూడో అంతస్తు
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. పర్వాలేదని రాద్దామని కూర్చుంటే చెయ్యి సాగలేదు. పర్వా ఉంది కదా. ఆయన బల్ల తీసి లోపల పెట్టినరోజు నేను అక్కడే ఉన్నాను.

నీ మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. నువ్వంటే ఉన్న ప్రేమ కూడా అంతే ఉంది, అది ఎక్కడికీ పోలేదు, అందుకే నిద్ర పట్టడం లేదు. నీ కుర్చీ పోతుందన్న భయం నాకు అర్థమవుతుంది. ఆ జీతంతోనే నన్ను చదివించారు మీరిద్దరూ. ఆ మాట నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఆ రుణానికి ఈ తప్పు చెల్లని నేను అనేస్తానని భయపడ్డావా, అనకూడదనుకున్నావా?

నేనెవరికీ చెప్పను. ఆయనకు నేను చెప్పడం ఇంకో దొంగతనం అవుతుంది. చెప్పవలసింది నువ్వు. పేజీలోనూ, ఆయన ముందూ. పేజీలో ముందు వేసి, ఆయన అక్కడ చదువుకుంటాడులే అని మాత్రం అనుకోకు.

ఇక్కడి సంగతి. పనిముట్టు తప్పు పట్టుకుంటే ఆ మాట అడిగినవాళ్ల కళ్లకు కనబడి తీరాలి, సహాయకుడు దిద్దినా సరే, ఏది దిద్దాడో బొమ్మ మీదే గుర్తు ఉండాలి. అలా మార్చేదాకా దీన్ని వదలనన్నాను. మూడు వారాలు ఆలస్యమవుతుంది. టీమ్ పెద్ద ముఖం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. పాత సంచిక బొమ్మ పట్టీలోనే ఉంది.

పిచ్చుక


ఇల్లు, వీధి గది
గురువారం

పిచ్చుకా,

చెప్పాను. వరసగా రాస్తాను, తొందరపడి చివరకు వెళ్లకు.

ముందు మీ అన్నయ్యకు చెప్పాను. మొదటిసారి అతను పూర్తిగా మేలుకుని విన్నాడు. "పదకొండేళ్లు పక్కనే పడుకున్నాను, నాకైనా చెప్పకపోయావా?" అన్నాడు.

సోమవారం కొత్త పేజీ పెద్ద దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. విని, "అంత పాత తప్పు, ఎవరూ అడగలేదు కదండీ, ఇప్పుడెందుకు?" అంది. అడిగారమ్మా, అడిగినాయన్నే వెక్కిరించాం అన్నాను. సవరణ నేనే రాశాను. బొమ్మ తప్పు, కుదరదన్న జవాబే ఒప్పు, ఆ ఏడాది మొదటి స్థానం ఆయనది, తెలిసీ దాచింది నేను అని నాలుగు వాక్యాలు. శనివారం వస్తుంది. ఆ తర్వాత పేజీ నా చేతిలో ఉంచుతారో లేదో పైవాళ్లు చెప్తారట.

మంగళవారం కొట్టుకు వెళ్లాను. మూడుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాలుగోసారి వెళ్తుంటే ఆయనే చూసి, "తాళమా అమ్మా?" అన్నాడు. జుట్టంతా తెల్లబడింది. కళ్లద్దాలు దారంతో కట్టుకున్నాడు. ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు.

నిలబడే చెప్పాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. బొమ్మ సంగతి మొదలుపెట్టగానే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకు తెలుసమ్మా. పుస్తకం వచ్చినప్పుడే చూశాను, బంటు జరిగి ఉంది. అచ్చులో తప్పుపోయింది, పాపం ఆవిడ చూసుకోలేదు అనుకున్నాను. వారం వారం అన్ని బొమ్మలు చూసే మనిషి. కోపం వచ్చింది, పోయింది. మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశాను."

పిచ్చుకా, అక్కడితో ఆగిపోవచ్చు. ఆయన అంత మంచిగా నవ్వుతూ చెప్పాడు, ఒక్క నమస్కారం పెట్టి వచ్చేస్తే సరిపోయేది. నా నోట్లో ఆ నమస్కారం తయారుగా ఉంది కూడా. ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

"చూసుకోకపోవడం కాదండీ, మీ కార్డు వచ్చినరోజే చూశాను. చూసి, సరిగ్గా ఉందని చెప్పాను" అన్నాను.

ఆకురాయి ఆగింది. ఒకావిడ వచ్చి తాళం అడిగితే రేపు రమ్మన్నాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి, నావైపు చూడకుండా అన్నాడు.

"అయితే నేను క్షమించింది మిమ్మల్ని కాదమ్మా. చూసుకోని మనిషిని క్షమించాను. మీ సంగతి మళ్లీ మొదట్నుంచి ఆలోచించుకోవాలి."

ఆలోచించుకోండి అన్నాను. ఎన్నాళ్లు పడుతుందని అడగలేదు. నేను పదకొండేళ్లు తీసుకున్నాను, ఆయన ఎంత తీసుకున్నా అడిగే నోరు నాకు లేదు. మెట్టు దిగుతుంటే వెనకనుంచి, "శనివారం పేజీ ఒకటి తెచ్చి ఇవ్వండి. నేను కొనడం మానేశాను" అన్నాడు.

తీసుకెళ్తాను. ఆయన చదువుతున్నంతసేపూ ఎదురుగానే నిలబడతాను.

వదిన